వంటింటి ప్రయోగశాలలు, పసిపిల్లలు: అమెరికా నివేదన చట్టాల పరిణామం

అమెరికాలో వైద్యులుగా, నర్సులుగా, ఉపాధ్యాయులుగా పనిచేస్తున్న తెలుగువారికి ఒక శిక్షణ పరిచితమే. కంప్యూటరు తెర మీద సాగే ఒక పాఠం, చివర కొన్ని ప్రశ్నలు, ఒక ధ్రువపత్రం. పిల్లల మీద హింస గాని, వారి పట్ల తీవ్రమైన నిర్లక్ష్యం గాని జరుగుతున్నదని సహేతుకమైన అనుమానం కలిగితే, ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయడం చట్టం విధించిన బాధ్యత అన్నది ఆ పాఠం సారాంశం. టెక్సస్, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో ఈ బాధ్యత వృత్తితో నిమిత్తం లేకుండా ప్రతి వ్యక్తి మీదా ఉంది. కాబట్టి డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉండే సాఫ్ట్‌వేరు ఇంజనీరు కూడా, తనకు తెలిసినా తెలియకపోయినా, ఈ చట్టం పరిధిలోని వ్యక్తే.

ఇలా తెలియజేయడాన్ని ఈ వ్యాసంలో 'నివేదన' అని వ్యవహరిస్తాను. నివేదించవలసిన పరిస్థితుల జాబితాలో దెబ్బలు, కాలిన గాయాలు, లైంగిక హింస, ఆకలి వంటివాటితో పాటు పలు రాష్ట్రాల్లో మరొక అంశం కూడా ఉంటుంది: మాదకద్రవ్యాలు తయారుచేసే ఇంట్లో పిల్లలు ఉండటం. మిగిలిన అంశాలకూ దీనికీ ఒక మౌలికమైన తేడా ఉంది. ఇక్కడ పిల్ల ఒంటి మీద ఏ గాయమూ ఉండనక్కరలేదు. ఆ పిల్ల పీల్చే గాలి, పాకే నేల, తాగే సీసా ప్రమాదకరమైతే చాలు.

హానిని ఎక్కడ వెతకాలి? పిల్లల శరీరం మీదా, వారు నివసించే ఇంట్లోనా, లేక వారిని మోసే తల్లి గర్భంలోనా? ఈ మూడు ప్రశ్నలకూ అమెరికా చట్టం వేర్వేరు కాలాల్లో సమాధానాలు వెతుక్కున్నది. రెండో ప్రశ్నకు దొరికిన సమాధానాన్ని మూడో ప్రశ్నకు అన్వయించినప్పుడు ఏమి జరిగిందన్నదే ఈ వ్యాసంలో ప్రధానంగా పరిశీలించదలచిన విషయం.

గాయమే సాక్ష్యం

బాలల రక్షణ చరిత్రను సాధారణంగా 1874 నాటి న్యూయార్క్ నగరంతో మొదలుపెడతారు. మేరీ ఎలెన్ విల్సన్ అనే బాలిక పెంపుడు ఇంట్లో పడుతున్న హింస ఎట్టా వీలర్ అనే సేవాకార్యకర్త దృష్టికి వచ్చింది. ఎక్కడా సాయం దొరక్క, ఆమె చివరకు జంతుహింసా నివారణ సంఘం స్థాపకుడైన హెన్రీ బెర్గ్‌ను ఆశ్రయించింది. ఆయన న్యాయవాది ఎల్‌బ్రిడ్జ్ గెరీ కోర్టుకు వెళ్లి ఆ పిల్లను విడిపించాడు. జంతువుల కోసం చేసిన చట్టం కిందనే ఆమెను కాపాడారన్న కథ ప్రచారంలో ఉంది గాని, అది సరికాదు. గెరీ ఉపయోగించుకున్నది అక్రమ నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించే విధానాన్ని. ఆ ఏడాది చివరలోనే న్యూయార్క్‌లో బాలలపై హింసను నివారించే సంఘం ఏర్పడింది. అయితే, చూసినవారు చెప్పడం అనేది అప్పటికి దయాధర్మమే తప్ప చట్టపరమైన విధి కాలేదు.

అది విధిగా మారడానికి ఎక్స్-రే చిత్రం కారణమైంది. 1946లో జాన్ క్యాఫీ అనే రేడియాలజిస్టు, మెదడు చుట్టూ రక్తం గడ్డకట్టిన కొందరు పసివాళ్లలో కాళ్ల, చేతుల ఎముకలు కూడా పలుచోట్ల విరిగి ఉండటాన్ని గమనించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ దెబ్బలు ఎలా తగిలాయన్నది మాత్రం ఆయన తేల్చి చెప్పలేదు. ఆ మాటను నిర్మొహమాటంగా చెప్పింది డెన్వర్‌కు చెందిన హెన్రీ కెంప్, ఆయన సహచరులు. 1962 జులైలో అమెరికా వైద్య సంఘం పత్రికలో వారు ప్రచురించిన వ్యాసం, 71 ఆసుపత్రుల నుంచి సేకరించిన 302 కేసుల వివరాలిచ్చింది. ఆ పిల్లల్లో 33 మంది మరణించారు. 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతిన్నది. తల్లిదండ్రులు చెప్పే కథకూ ఎముకలు చెప్పే కథకూ పొంతన కుదరనప్పుడు వైద్యుడు ఎముకలనే నమ్మాలన్నది ఆ వ్యాసం సందేశం.

మరుసటి ఏడాదే కేంద్ర ప్రభుత్వపు బాలల విభాగం ఒక నమూనా చట్టాన్ని రూపొందించింది. 1967 నాటికి అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో నివేదన చట్టాలు చేసుకున్నాయి. 1974లో సెనేటర్ వాల్టర్ మాండేల్ చొరవతో వచ్చిన కేంద్ర చట్టం, సదుద్దేశంతో నివేదించినవారికి దావాల నుంచి రక్షణ కల్పించాలన్న షరతుతో రాష్ట్రాలకు నిధులిచ్చింది. 1976లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు మరో అడుగు ముందుకు వేసింది. పిల్ల దెబ్బలను సరిగా గుర్తించక, నివేదించక ఇంటికి పంపిన వైద్యుడు ఆ తరువాత జరిగిన హానికి పరిహారం చెల్లించవలసి రావచ్చునని తీర్పు చెప్పింది.

మొదట్లో వైద్యులకే పరిమితమైన జాబితా క్రమంగా ఉపాధ్యాయులకు, సంఘసేవకులకు, అగ్నిమాపక సిబ్బందికి విస్తరించింది. కాలిఫోర్నియా జాబితాలో జంతు నియంత్రణ అధికారులు కూడా ఉన్నారు. వీధికుక్క కోసం వెళ్లిన ఉద్యోగి ఆ ఇంటి పిల్లల దుస్థితిని చూస్తే చెప్పి తీరాలి. బెర్గ్ నాడు మానవతతో చేసిన పని నూరేళ్ల తరువాత ఉద్యోగధర్మమైంది.

ఇల్లే ప్రమాదమైనప్పుడు

కెంప్ తరం నిర్మించిన వ్యవస్థ గాయాన్ని చదవడం నేర్పింది. గాయమే లేని ప్రమాదాన్ని గుర్తించవలసిన అవసరం మెథాంఫెటమీన్‌తో వచ్చింది.

ఈ పదార్థం కొత్తది కాదు. జపాను రసాయనవేత్త నగాయ్ నగయోషి 1893లోనే దీన్ని తయారుచేశాడు. కాని 1980ల చివర, 1990లలో జలుబు మందుల్లో ఉండే పదార్థాల నుంచి దీన్ని ఇళ్లలోనే తయారుచేసే పద్ధతులు కాలిఫోర్నియా నుంచి మధ్య పశ్చిమ రాష్ట్రాల గ్రామాల దాకా పాకాయి. 'ప్రయోగశాల' అనగానే మనకు తోచే గాజు సామగ్రి గాని, తెల్లకోటు గాని అక్కడ ఉండవు. అద్దె ఇంటి వంటగది, మొబైల్ హోము, మోటెల్ గది, స్నానాల గది, ఇవే ఆ ప్రయోగశాలలు. మండే ద్రావకాలు, దహించే క్షారాలు, ఆమ్లాలు సోడా సీసాల్లోనూ పాలడబ్బాల పక్కన ఫ్రిజ్‌లోనూ ఉండేవి. పసిపిల్లలు నేల మీద పాకుతారు, దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు, బరువు దామాషాలో పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. డెన్వర్‌లోని నేషనల్ జ్యూయిష్ వైద్యకేంద్రం పరిశోధకులు ఇటువంటి ఇళ్లను పరీక్షించినప్పుడు, మందు అవశేషాలు తయారీ జరిగిన గదిలోనే కాక ఇల్లంతా పరుచుకొని ఉన్నట్టు తేలింది.

1995 డిసెంబరు 26న కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ కౌంటీ, అగ్వాంగా అనే ఊళ్లో ఒక మొబైల్ హోము పేలి తగలబడింది. లోపల ఉన్న ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. మెథాంఫెటమీన్ తయారీయే పేలుడుకు కారణమని నిర్ధారించి, తల్లిని హత్యానేరం కింద శిక్షించారు. ఈ తయారీ స్వభావరీత్యానే ప్రాణాంతకమైన నేరమని 1998లో అప్పీలు కోర్టు ఆ శిక్షను సమర్థించింది.

అంతకు కొన్నేళ్ల ముందే అదే రాష్ట్రంలోని బ్యూట్ కౌంటీలో ఒక మార్పు మొదలైంది. పోలీసులు ఇటువంటి ఇంటి మీద దాడి చేస్తే రసాయనాలను జాగ్రత్తగా సీలు చేసేవారు, పెద్దలను అరెస్టు చేసేవారు. పిల్లలను మాత్రం పక్కింటివారికో బంధువులకో అప్పగించి వెళ్లిపోయేవారు. జిల్లా అటార్నీ కార్యాలయంలో పరిశోధకురాలైన స్యూ వెబర్-బ్రౌన్ దీన్ని ప్రశ్నించింది. సాక్ష్యాధారాలుగా సీసాలకు ఇచ్చే విలువ పిల్లలకు ఎందుకివ్వరన్నది ఆమె అభ్యంతరం. పోలీసులు, బాలల సంక్షేమ ఉద్యోగి, వైద్యులు, ప్రాసిక్యూటరు ఒకే బృందంగా పనిచేసే పద్ధతి అక్కడ రూపొందింది. అలా మాదకద్రవ్యాల వల్ల ప్రమాదంలో పడిన పిల్లలన్న వర్గీకరణ అధికార భాషలోకి వచ్చి, ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది.

ఆ అవసరం ఎంతటిదో అంకెలు చెబుతాయి. కేంద్ర ప్రభుత్వానికి అందిన లెక్కల ప్రకారం 2002 ఒక్క ఏడాదిలో ఇటువంటి ఘటనల్లో మూడు వేలకు పైగా పిల్లలు ప్రభావితులయ్యారు. వారిలో వెయ్యిమందికి పైగా ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చారు. 2004లో దేశం మొత్తం మీద ఇరవై వేలకు పైగా తయారీ ఘటనలు నమోదయ్యాయి.

ఈ రక్షణకు కూడా ఒక మూల్యం ఉంది. రసాయనాలు అంటుకొని ఉంటాయని పిల్లల బట్టలు, దుప్పట్లు, బొమ్మలు ఆ ఇంట్లోనే వదిలేయించేవారు. అమ్మానాన్నలను సంకెళ్లతో తీసుకెళ్లిన రోజునే, పక్కలో పెట్టుకొని పడుకునే బొమ్మ కూడా ఆ పిల్లకు దక్కకుండా పోయేది.

'సమక్షం' అనే మాట

ఇల్లే హాని అయినప్పుడు చట్టం భాష మారక తప్పలేదు. అయోవా రాష్ట్రం పిల్లల సమక్షంలో మాదకద్రవ్యం తయారుచేయడాన్ని బాలలపై హింస నిర్వచనంలో చేర్చింది. కొలరాడో మరింత విస్తృతంగా, పిల్లలు ఉంటున్న ఆవరణలో తయారుచేయడాన్ని కూడా నేరంగా పరిగణించింది.

ఈ 'సమక్షం' అనే మాట మీద చాలా ఆధారపడి ఉంది. పిల్ల అదే గదిలో ఉండాలా? బడికి వెళ్లిన వేళ తయారీ జరిగితే? పెరటి షెడ్డులో జరిగితే? అవశేషాలు ఇల్లంతా వ్యాపిస్తాయన్న పరిశోధన తెలిశాక, కంటి ఎదుట జరగడమన్న పాత అర్థం చాలదని శాసనకర్తలు భావించారు. శాస్త్రపరంగా ఆ నిర్ణయానికి ఆధారముంది.

నివేదించవలసినవారి పని కూడా దీనితో మారింది. ఎముకను చదవగలిగిన వైద్యుడికి వంటగది కనిపించదు. అది కనిపించేది మంట ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక ఉద్యోగికి, అంబులెన్సు సిబ్బందికి, ఇంటికి వచ్చి చూసే నర్సుకు. బడిలో ఉపాధ్యాయురాలికి తెలిసేది మహా అయితే బట్టలకు పట్టిన ఘాటైన రసాయన వాసన, మానని దగ్గు, లేదా పిల్ల నోటి నుంచి జారిన ఒక మాట. చట్టం రుజువు అడగడం లేదు, సహేతుకమైన అనుమానం చాలునంటుంది. కాలిఫోర్నియాలో విధి ఉన్నవారు వెంటనే ఫోను చేసి, 36 గంటల లోపల లిఖితపూర్వకంగా పంపాలి. పంపకపోతే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా.

కేంద్ర ప్రభుత్వం 2006లో అమలులోకి తెచ్చిన చట్టం మరో వైపు నుంచి వచ్చింది. జలుబు మాత్ర కొనడానికి ఫార్మసీ కౌంటరు దగ్గర డ్రైవింగ్ లైసెన్సు చూపించి సంతకం పెట్టే పద్ధతి దాని ఫలితమే. సూడోఎఫెడ్రిన్‌ను రోజుకు 3.6 గ్రాములకు, 30 రోజుల్లో 9 గ్రాములకు మించి కొనకుండా అది కట్టడి చేసింది. పిల్లలు ఉంటున్న చోట మెథాంఫెటమీన్ తయారుచేస్తే అదనంగా 20 ఏళ్ల దాకా శిక్ష వేయవచ్చునని కూడా అదే చట్టం చెప్పింది.

మరో పాయ: ప్రసూతి గది

ఇళ్లలోని తయారీ చట్టాల కంటే ముందే, వేరొక చోట మరో వివాదం నడుస్తున్నది. 1980ల చివర క్రాక్ కొకెయిన్ భయం దేశాన్ని ఊపేసిన రోజుల్లో ఆసుపత్రులు గర్భిణులకు మూత్ర పరీక్షలు మొదలుపెట్టాయి. 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన, ఫ్లోరిడాలోని పినెలస్ కౌంటీలో తెల్లజాతి, నల్లజాతి గర్భిణులు దాదాపు సమాన స్థాయిలోనే మత్తుపదార్థాలు వాడుతున్నా, నల్లజాతి స్త్రీలపై నివేదనలు సుమారు పది రెట్లు ఎక్కువగా వెళ్తున్నాయని చూపింది. చట్టం అందరికీ ఒకటే. కాని ఎవరిని చూస్తే అనుమానం కలుగుతుందన్నది మాత్రం ఒకటి కాదు.

సౌత్ కెరొలినాలోని చార్ల్స్‌టన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి పోలీసులతో కలిసి 1989లో ప్రారంభించిన కార్యక్రమం కింద, పరీక్షలో కొకెయిన్ కనబడిన స్త్రీలను అరెస్టు చేశారు. వారిలో దాదాపు అందరూ నల్లజాతివారే. వైద్యం పేరిట, సమ్మతి లేకుండా నేర సాక్ష్యం సేకరించడం రాజ్యాంగంలోని నాలుగో సవరణకు విరుద్ధమని 2001లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది.

2003లో కేంద్ర చట్టానికి చేసిన సవరణ ఈ అనుభవాన్ని కొంత గుర్తుంచుకున్నది. తల్లి వాడిన మందుల ప్రభావంతో పుట్టిన శిశువుల గురించి ఆసుపత్రి తెలియజేయాలి, ఆ శిశువు క్షేమానికి ఒక ప్రణాళిక వేయాలి. అయితే ఇలా తెలియజేసినంత మాత్రాన అది కేంద్ర చట్టం దృష్టిలో బాలలపై హింసకు నిర్వచనం కాబోదని, ఎవరినీ ప్రాసిక్యూట్ చేయవలసిన అవసరం లేదని ఆ చట్టమే స్పష్టంగా రాసింది. సహాయం కోసం ఇచ్చే సమాచారాన్నీ శిక్ష కోసం చేసే ఫిర్యాదునూ వేరుచేసే గీత అది.

అలబామా: రెండు పాయలు కలిసిన చోటు

2006లో అలబామా రాష్ట్రం 'రసాయన ప్రమాదానికి' సంబంధించిన చట్టం చేసింది. ఇళ్లలో మెథాంఫెటమీన్ తయారీ నుంచి పిల్లలను కాపాడటమే దాని నేపథ్యం. పిల్ల మాదకద్రవ్యానికి గాని, దాని రసాయనాలకు గాని, సామగ్రికి గాని గురయ్యేలా చేసినవారిని అది శిక్షిస్తుంది. హాని జరగకపోయినా పదేళ్ల దాకా జైలు. పిల్ల మరణిస్తే యావజ్జీవం దాకా వెళ్లవచ్చు.

అచిరకాలంలోనే ప్రాసిక్యూటర్లు ఈ చట్టాన్ని ప్రసవించిన తల్లుల మీద ప్రయోగించడం ప్రారంభించారు. ప్రయోగశాల లేదు, రసాయనాల డబ్బాలు లేవు; ఉన్నది ఒక మూత్ర పరీక్ష ఫలితం. శాసనసభ ఉద్దేశించింది ఇళ్లలోని తయారీ గురించేనని నిందితులు వాదించారు. 2013 జనవరిలో అలబామా సుప్రీం కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 'పిల్ల' అనే మాటకున్న సాధారణార్థంలో గర్భస్థ శిశువు కూడా వస్తుందని తేల్చింది. అంటే తల్లి గర్భమే పిల్ల నివసించే ఇల్లు, ఆమె రక్తమే విషపు గాలి అని అర్థం చెప్పినట్టయింది. ఈ చట్టం కింద కనీసం 479 మంది గర్భిణులు, బాలింతలు ప్రాసిక్యూషన్ ఎదుర్కొన్నారని 2015లో ప్రోపబ్లికా పత్రిక లెక్కగట్టింది. వైద్యుడు రాసిచ్చిన మందులు వాడినవారిని మినహాయిస్తూ 2016లో శాసనసభ సవరణ చేయవలసి వచ్చింది.

అన్ని కోర్టులూ ఇదే దారి పట్టలేదు. అలబామా తీర్పు వచ్చిన మరుసటి నెలలోనే న్యూజెర్సీ సుప్రీం కోర్టు, పుట్టినప్పుడు పరీక్షలో మాదకద్రవ్యం కనబడటం ఒక్కటే చాలదని, నిజమైన హాని గాని, ముంచుకొస్తున్న ప్రమాదం గాని చూపితే తప్ప దాన్ని హింసగా పరిగణించలేమని చెప్పింది. 2018లో పెన్సిల్వేనియా సుప్రీం కోర్టు కూడా గర్భవతిగా మత్తుపదార్థాలు వాడటం ఆ రాష్ట్ర చట్టం ప్రకారం బాలలపై హింస కాదని తీర్పునిచ్చింది. అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల, ఇటువంటి శిక్షల భయంతో గర్భిణులు వైద్యానికే దూరమవుతారని హెచ్చరించింది.

ఈ భేదం కేవలం మానవతకు సంబంధించినది కాదు, తర్కానికి సంబంధించినది కూడా. వంటింట్లో తయారీ జరుగుతుంటే పిల్లను అక్కడి నుంచి బయటకు తీసుకురావచ్చు. తీసుకొచ్చిన క్షణంలోనే ప్రమాదం తగ్గుతుంది. గర్భంలోని శిశువును అలా తీసుకురాలేరు. అక్కడ పిల్లకు రక్షణ కావాలంటే తల్లికి వైద్యం అందాలి. ఆమెను జైలుకు పంపడం వల్ల ఆ పిల్లకు కలిగే మేలేమిటో చెప్పడం కష్టం.

ప్రయోగశాలలు తగ్గాక

జలుబు మందుల మీద కట్టడి వచ్చాక ఇళ్లలోని తయారీ బాగా పడిపోయింది. ప్రభుత్వానికి తెలియవచ్చిన ఘటనలు 2019 నాటికి వెయ్యి లోపుకు చేరాయి. మత్తు మాత్రం తగ్గలేదు. మెక్సికోలోని పెద్ద కర్మాగారాల నుంచి సరుకు రావడం మొదలైంది. తయారీ పోయి, పొట్లాలు కట్టే పని ఇళ్లలోకి వచ్చింది. 2023 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రాంక్స్‌లో, ఒక ఇంట్లో నడిచే శిశు సంరక్షణ కేంద్రంలో ఫెంటనిల్ సోకి ఏడాది వయసు పసివాడు చనిపోయాడు. పిల్లలు ఆడుకునే చోట, నేల కింద రహస్యపు అరలో ఆ పొడి దొరికింది. అంతకు కొద్ది రోజుల ముందే అధికారులు ఆ కేంద్రాన్ని తనిఖీ చేసి వెళ్లారు. అక్కడ వాసన లేదు, పొగ లేదు. తయారీ ఇళ్లను గుర్తించడానికి 1990లలో నేర్చుకున్న సంకేతాలేవీ అక్కడ పనికిరాలేదు.

ఈ ప్రశ్న తెలుగు నేలకు కూడా దూరమైనది కాదు. 2025 సెప్టెంబరులో సికింద్రాబాదు బోయినపల్లిలో పాఠశాల నడుస్తున్న భవనంలోనే అల్ప్రాజోలం తయారీ బయటపడింది. భారతదేశంలో 2012 నాటి పోక్సో చట్టం లైంగిక నేరాల విషయంలో ప్రతి వ్యక్తికీ నివేదన విధించింది, చెప్పనివారికి శిక్ష కూడా పెట్టింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లలకు మత్తుపదార్థాలు ఇవ్వడాన్ని, వారిచేత అమ్మించడాన్ని నేరంగా చేసింది. కాని తయారీ జరిగే చోట పిల్లలున్నారని తెలిసినవారు తెలియజేయాలన్న స్పష్టమైన విధి పోక్సోలో ఉన్నంత తేటగా ఇక్కడ లేదు. ధూల్‌పేట గుడుంబా బట్టీల కాలం నుంచీ మన దగ్గర ఇది ఎక్సైజ్ శాఖ వ్యవహారమే తప్ప, బాలల సంక్షేమ వ్యవహారంగా చర్చకు వచ్చింది తక్కువ.

ఒకవేళ అటువంటి చట్టం రావలసి ఉంటే, అమెరికా అనుభవం నుంచి తీసుకోవలసినవి రెండు. బ్యూట్ కౌంటీ నుంచి, దాడికి వెళ్లే బృందంలో పిల్లల కోసం ఒకరుండాలన్న పాఠం. అలబామా నుంచి, ప్రమాదకరమైన ఇంటి కోసం రాసిన మాటల్ని మరో చోటికి సాగదీయడానికి వీలులేకుండా రాయాలన్న పాఠం.

ఇక అమెరికాలో ఈ బాధ్యత మోస్తున్న పాఠకులకు ఆచరణలో మిగిలేది చిన్న విషయమే, కాని దాని పర్యవసానం చిన్నది కాదు. నివేదించేవారు న్యాయమూర్తులు కారు, పరిశోధకులు కారు. చూసినదేమిటో, విన్నదేమిటో, ఏ రోజున ఎక్కడ అన్నది మాత్రమే వారు చెప్పవలసింది. ఆ కుటుంబం రంగు, భాష, పేదరికం ఆ వివరాల్లో భాగం కావు. పినెలస్ కౌంటీ లెక్కలు మరచిపోకుండా ఉండటం ఎంత అవసరమో, అగ్వాంగాలో కాలిపోయిన ముగ్గురు పిల్లల్ని మరచిపోకుండా ఉండటం కూడా అంతే అవసరం.